చావుచుక్క

"కదలకండి సత్యవేణి గారూ, ఇప్పుడు చుక్క పడుతుంది," అంది డాక్టర్ నిస్సీ.

సత్యవేణి వంగమొక్క పక్కన గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టింది. ఆకు అడుగున వేలెడు పచ్చపురుగు ఒకటి తనకేమీ పట్టనట్టు నములుకుంటోంది. బోదె చివర ఇనపకమ్మీ మీద నిలబెట్టిన తెల్లపెట్టె నెమ్మదిగా మెడ తిప్పింది. దానికి రెండు కెమెరాలు, వాటి మధ్య సూదంత నాజిల్. టిక్కుమని చప్పుడైంది. పురుగు వీపు మీద తడి మెరిసింది, కంటికి ఆనీ ఆనకుండా.

పురుగు చావలేదు. చావడం మాట అటుంచి, తిండి కూడా మానలేదు.

రెండు నిమిషాలకు కాండం మీద పోతున్న ఎర్రచీమ ఒకటి దాని దగ్గర ఆగింది. మీసాలతో ఓసారి తడిమి, వచ్చినదారినే పరుగెత్తి పాతికమందిని వెంటబెట్టుకొచ్చింది. అన్నీ కలిసి పురుగును పట్టి కిందికి ఈడ్చాయి. పురుగు మెలికలు తిరిగింది, తలతో కొట్టింది, కాళ్ళతో మట్టిని పట్టుకు వేళ్ళాడింది. ఆ చీమలకు చీమ కుట్టినట్టయినా లేదు. గట్టు దాటించి, అవతల ఇసుకలో ఎండిన పురుగుల గుట్ట మీద దాన్ని పడేసి, తిరిగొచ్చి తమ పనుల్లో పడ్డాయి. నాలుగు మాత్రం కాపలాకు ఉండిపోయాయి.

"అది బతికే ఉంది కదండి," అంది సత్యవేణి.

"ఉంది. చీమల దృష్టిలో మాత్రం పోయింది. వాటికి ప్రాణంతో పనిలేదు, వాసనతోనే పని."

ఆ చుక్క సంగతేమిటో ఇక్కడే చెప్పేసుకుంటే మంచిది. చీమ చచ్చిపోయిన రెండు రోజులకు దాని ఒంట్లోంచి ఓలియిక్ యాసిడ్ అనే కొవ్వు పదార్థం బయటికొస్తుంది. చీమల లోకంలో మరణ ధ్రువీకరణ పత్రం అదే. ఆ వాసన తగిలితే చాలు, పుట్టలోని చీమలు ఆ శవాన్ని మోసుకెళ్ళి దూరంగా తమ శ్మశానంలో పారేస్తాయి. బతికున్న చీమకు ఆ యాసిడ్ పూసినా అదే మర్యాద. అది తన్నుకున్నా, గింజుకున్నా వినిపించుకోవు. పాపం, ఒళ్ళంతా శుభ్రం చేసుకుని వాసన వదిలించుకుంటే తప్ప దాన్ని మళ్ళీ ఇంట్లోకి రానివ్వవు.

ఆ యాసిడ్‌ను చీమ మీద కాకుండా పురుగు మీద వేస్తే ఎలా ఉంటుందన్నదే నిస్సీ ఆలోచన. కెమెరా పురుగును గుర్తుపడుతుంది, నాజిల్ చుక్క వేస్తుంది, మోత కూలీలు చీమలే. వచ్చిన చిక్కల్లా ఎండతోనే. గోదావరి మధ్య ఈ లంకలో ఎండకు చుక్క ఇట్టే ఆరిపోయేది. అందుకని ఆమె ఇంకో మందు తయారుచేసి బెల్లం పానకంలో కలిపి పుట్టల దగ్గర పెట్టింది. అది తాగిన చీమల మీసాలకు పదునెక్కింది. మామూలు చీమకు అందే వాసనలో వెయ్యోవంతు చాలు వాటికి. రాణిచీమ కూడా తాగింది కనక, పుట్టే పిల్లలు ఆ పదునుతోనే పుడుతున్నాయి. ఇది నిస్సీ గర్వంగా చెప్పుకునే సంగతి. లంకలో జనం మాత్రం ఆ తెలివినంతా ఒక్కమాటలో ఇమిడ్చి, చావుచుక్క అని పేరు పెట్టారు.

పేరు ఎలా ఉన్నా పెట్టె వచ్చాక తోటలు ఊపిరి పీల్చుకున్నాయి. గోదావరి నీళ్ళ కోసం పురుగుమందులు ఆపేయాలని చట్టం వచ్చి ఆరేళ్ళయింది. అప్పట్నించీ సత్యవేణి వేపకషాయం కొట్టింది, పుల్లమజ్జిగ చల్లింది, పొయ్యిలో బూడిద తెచ్చి ఆకాకుకీ దులిపింది. పేనుబంక తగ్గలేదు. దాని తీపి కోసం చీమలే దాన్ని మేపేవి, మొక్క నుంచి మొక్కకు మోసేవి. ఏ వంకాయ కోసినా లోపల పురుగే. భర్త కూరగాయల పడవతో రేవుల మధ్య తిరుగుతాడు, తోట మాత్రం ఆమెదే. రెండేళ్ళ వరస పంట పెంటలోకి పోయాక, ఈ పెట్టె పెడతామంటే వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. ఇప్పటికి పంతొమ్మిదో రోజు. పేనుబంకను మేపిన చీమలే దాన్ని పాడె కట్టి మోస్తున్నాయి. వంకాయలు నిగనిగలాడుతున్నాయి.

అయినా సత్యవేణి మనసు కుదుటగా లేదు.

"ఓ మాట అడగనా డాక్టరమ్మా. నూనెకి చీమలు పడతాయా?"

"నూనెకా? ఎందుకడుగుతున్నారు?" నిస్సీ టాబ్లెట్‌లో పురుగుల లెక్క రాసుకుంటూ అంది.

"మొన్న పొద్దున్న తులసికోట దగ్గర ప్రమిదలో నూనె పోసి వత్తి వేసి, వెలిగించేలోగా పువ్వులు కోసుకొచ్చేసరికి వత్తి లేదండి. చూస్తే చీమలు మోసుకుపోతున్నాయి. బెల్లానికి చీమ పడుతుంది, నేతికి పడుతుంది. నూనెకి పట్టడం నాకు బుద్ధెరిగాక ఇదే చూడ్డం."

"దూది కదా, గూట్లో వేసుకుందామనుకుని ఉంటాయి," అని నవ్వేసింది నిస్సీ.

"నేనూ అలాగే అనుకున్నానండి. నిన్న మధ్యాన్నం ఇదిగో ఈ గట్టు మీదే కాస్త నడుం వాల్చాను. ఎవరో జడ పట్టుకుని లాగుతున్నట్టయి మెలకువొచ్చింది. జడ కొసంతా చీమలేనండి."

నిస్సీ వేలు టాబ్లెట్ మీదే ఆగిపోయింది. "కుట్టాయా?"

"కుట్టలేదండి, లాగుతున్నాయి. అటేపుకి." సత్యవేణి చెయ్యి గట్టు అవతల ఇసుక వైపు చూపించింది.

"తలకి ఏం రాసుకుంటారు మీరు?"

"ఏం రాసుకుంటామండి, నువ్వుల నూనే. మా లంకలో పండిన నువ్వులు, మా గానుగ."

నిస్సీ మొహంలో రంగు మారడం సత్యవేణికి కనపడింది. నువ్వుల నూనెలో ఓలియిక్ యాసిడ్ దండిగా ఉంటుందని నిస్సీ చదువుకుంది. ఈ మందు మీద పనిచేసిన రెండేళ్ళలో, ఆ నూనె తలకెక్కిన మనిషి మాత్రం లాబ్‌లో ఎదురుపడలేదు. ఆమె లాబ్‌లో నలభైమంది పనిచేస్తారు. ఒక్కరూ తలకు నూనె పెట్టుకుని పనికి రారు. ఆమె అయితే పదోక్లాసుతోనే నూనె మానేసింది. చీమలు మనిషి జోలికి వస్తాయేమోనని పరీక్షలు చేశారు, నిజమే. ఆ పరీక్షకు ముందు లాబ్ నియమం ప్రకారం అందరూ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నారు.

"సత్యవేణి గారూ, మీరు ముందు ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యండి. నేను ఆఫీసుకి..."

సత్యవేణికి ఆ మాటలు సగమే వినపడ్డాయి. మొదటిరోజు ఈవిడే చెప్పిన మాట ఒకటి గుర్తుకొచ్చింది. మోయలేనంత పెద్ద పురుగైతే ఏం చేస్తాయండీ అని తను అడిగితే, ముక్కలు చేసుకుని పట్టుకెళ్తాయి అంది నిస్సీ. ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

సత్యవేణి తలెత్తి పొద్దు చూసింది. ఎనిమిదిన్నర.

పసిబిడ్డకు నూనె రాసే వేళ.

పెళ్ళయిన ఏడేళ్ళకు కూతురు ప్రసూనకు కానుపైంది. పురిటికి వచ్చి ఇక్కడే ఉంది. పాపకు మూడో నెల. రోజూ ఒళ్ళంతా నువ్వుల నూనె మర్దనా చేసి, నూనె ఇంకేదాకా ఓ అరగంట ఆనపపందిరి కింద లేతెండలో పడుకోబెట్టి, అప్పుడు సున్నిపిండితో నలిచి నీళ్ళు పోస్తారు. ఆ పని సత్యవేణిదే. ఇవాళ మాత్రం డాక్టరమ్మ మొదటి పడవకే దిగిపోయింది. నేను పోస్తాలే అమ్మా, నువ్వెళ్ళు అంది ప్రసూన.

"పాప," అంది సత్యవేణి. పరుగెత్తింది.

తోట రెండెకరాలు. ఇల్లు ఆ చివర, రేవు పక్కన. గట్టు మీంచి పోతే చుట్టు. ఆమె బోదెలకు అడ్డంపడి పోయింది. ఇన్నేళ్ళలో ఒక్క మొక్కను కాలితో తన్ని ఎరగని మనిషి, కాపుమీదున్న వంగమొక్కలను తొక్కుకుంటూ, కొమ్మలు పుటపుటా విరుగుతుంటే వెనక్కి చూడకుండా పోయింది. వెనకాల నిస్సీ ఫోన్ చేస్తూ పరుగెడుతోంది. ప్రసూన ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. నీళ్ళపొయ్యి దగ్గర ఉండి ఉంటుంది.

బెండమడి దాటుతుంటే సత్యవేణికి కాళ్ళ కింద బారు కనపడింది. పొద్దున ఇక్కడ చీమల బారు లేదు. నాలుగు వేళ్ళ వెడల్పున, ఎర్రగా, ఎక్కడా తెగకుండా, తను పోతున్న వైపే పోతోంది.

పాప ఏడుపు వినపడటం లేదు. ఆకలేస్తే ఇల్లెగరగొట్టే పిల్ల. ఇంత దగ్గరకొచ్చినా చప్పుడు లేదేమిటి. లంకలో ఉన్న దేవుళ్ళందరినీ, అవతలిగట్టు దేవుళ్ళనూ కలిపి తలుచుకుంది.

అప్పుడు వినపడింది, గుక్కపట్టిన ఏడుపు. ఆగి, మళ్ళీ లేచింది. ఏడుస్తోందంటే ప్రాణం ఉంది. బిడ్డ అలా ఏడుస్తుంటే సంతోషపడటం ఆమెకు జీవితంలో అదొక్కసారే.

పందిరి కింద పరిచిన పాతచీర ఎర్రగా కదులుతోంది. పాప వేళ్ళ సందుల్లో, చంకల్లో, మెడ మడతల్లో చీమలు. తల మీద జుట్టు కనపడటం లేదు. కుట్టడం లేదు అవి. చర్మాన్ని దవడలతో పట్టుకుని, అన్నీ ఒకే వైపు, ఇసుక వైపు, ఓపిగ్గా గుంజుతున్నాయి. కొన్ని చెవి తమ్మె దగ్గర చేరి కొరకడం మొదలుపెట్టాయి.

ఏడుపు విని పెరట్లోంచి ప్రసూన పరుగెత్తుకొచ్చింది. కెవ్వున అరిచి, పిల్లను ఎత్తుకుని చేత్తో దులిపింది. దులిపినవి దులిపినట్టే మళ్ళీ ఎక్కాయి. ఈసారి ఆమె చేతుల మీదకు కూడా ఎక్కాయి, ఆ చేతులకూ నూనె ఉంది మరి. పక్కనున్న బిందెలో నీళ్ళు గుమ్మరించింది. నీళ్ళు నూనె మీంచి జారిపోయాయి, చీమలు పట్టు వదల్లేదు.

"నీళ్ళు కాదు, నూనె పోవాలి," అని దూరం నుంచే కేకేసింది నిస్సీ. "వాసన పోవాలి. సబ్బు, ఎవరైనా సబ్బు తెండి."

సబ్బుతో సత్యవేణికి పనిలేకపోయింది. స్నానానికని ప్రసూన తీసిపెట్టిన సున్నిపిండి గిన్నె అరుగు మీదే ఉంది. రెండు దోసిళ్ళు తీసి పాప తల మీద పోసి, పొడిపిండితోనే నలిచింది. పిండి నూనెను తాగి ముద్దలు కట్టింది. ముద్దలతోపాటు చీమలూ రాలాయి. మళ్ళీ పోసింది. మెడ, చంకలు, పాదాలు. "నీళ్ళు పొయ్యవే," అంది కూతురితో. "ఇంకో చెంబు. ఆ కుంకుడు రసం ఇలా అందుకో." పాప గొంతు బొంగురుపోయింది. ఆమె చెయ్యి ఆగలేదు.

మూడోసారి నీళ్ళు పోసేసరికి చీమలు ఆగాయి. పట్టు వదిలి మీసాలు ఆడించాయి. పోయిందనుకున్న మనిషి పోలేదని వాటికి అప్పటికి కబురందినట్టుంది. ఒక్కొక్కటే దిగి, పాపను పక్కన పెట్టి, కొత్త శవాన్ని వెతుక్కున్నాయి. ఆ శవం సత్యవేణి. ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని నడుం మీదుగా జడలోకి పాకుతున్నాయి.

పాపను కూతురి చేతికిచ్చి, సత్యవేణి చూరులో ఉన్న కొడవలి లాగింది. జడను మెడ దగ్గర పట్టుకుని ఒక్క కోతలో తెంపి విసిరేసి, మిగిలిన తలంతా సున్నిపిండి పులుముకుంది. మోకాళ్ళు దాటే జడ. చీమలు దాని మీదకు ఎక్కి, రెండువైపులా సర్దుకుని, పందిరి కిందినుంచి వంగతోట మీదుగా ఇసుక వైపు మోసుకుపోయాయి. ముగ్గురాడవాళ్ళూ ఆ ఊరేగింపు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడిపోయారు.

పాప ఒంటి మీద గాట్లు పది రోజుల్లో మానాయి. చెవి తమ్మె మీద చిన్న నొక్కు మాత్రం ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే నిస్సీ తెల్లపెట్టెను ఆపేసి, అరుగు మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది. "మెషీన్ ఆపేశానమ్మా," అంది.

"మెషీనుదేముందండి. చీమల్నెలా ఆపుతారు?"

పెట్టెకు పది రోజుల ముందే పెట్టిన పానకం రాణిచీమలు తాగి నెల కావస్తోంది. తొలకరికి రెక్కలొచ్చిన చీమలు అప్పటికే పక్కలంకలకు ఎగిరిపోయాయి.

విచారణకు అధికారులు వచ్చారు. పాప చెవి చూశారు, అయ్యో అన్నారు. తరవాత తోటలోకి వెళ్ళి వంకాయలు చూశారు. ఒక్క కాయకూ పుచ్చు లేదు. పెట్టె ఆపేసినా, పురుగు చచ్చిన చోట మిగిలే ఆ కాస్త వాసనకే చీమలు చుట్టుపక్కల పురుగులనూ ఏరి పారేస్తున్నాయి. ఈ చీమలను చంపాలంటే నిషేధించిన మందులే చల్లాలి. పైగా మూడు మండలాల రైతులు ఆ చీమలు మాకూ కావాలని అర్జీలు పెట్టుకున్నారు. నాలుగు సమావేశాలు జరిగాయి. చీమలను మార్చడం కన్నా మనుషులను మార్చడం తేలికని తేలింది.

రేవులో బోర్డు పెట్టారు. లంకలోకి నూనె తేరాదు, తల కడుక్కుని దిగవలెను. వంటనూనె డబ్బాలు నీళ్ళ తొట్ల మధ్య, తాళాలు వేసిన ఇనపబీరువాల్లోకి వెళ్ళాయి. తులసికోట దగ్గర కరెంటు దీపం వెలిగింది. నువ్వుచేలు దున్నేసి కాకరపాదులు పెట్టారు. జనం జుట్టు పీచులా రేగి ఎర్రబడింది. అవతలిగట్టు సంతలో తల చూసి ఇదుగో లంకవాళ్ళని పోల్చేవారు. మొదట్లో గొణుక్కున్నారు, తరవాత అలవాటు పడ్డారు. పంట అంత బాగుంది మరి. ప్రసూన మొగుడు కూడా పట్నంలో ఉద్యోగం వదిలేసి లంకకే వచ్చి, మామగారి పడవలో కాయలు ఎగుమతి చేస్తున్నాడు. నిస్సీ రేవు దగ్గరే చిన్న ఆఫీసు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళ తలలకు నూనె జాడ పట్టే మీటర్ పెట్టి చూసే ఉద్యోగంలో కుదురుకుంది. ఎవరూ వెయ్యకుండానే తనకు తాను వేసుకున్న శిక్ష అది.

నాలుగో ఏడు పక్కతోట సూరన్న పోయాడు. ఆయన పెద్దకూతురు నిస్సీ కాళ్ళ మీద పడ్డంత పని చేసింది. "నాలుగేళ్ళు మా నాన్న తల మీద చుక్క నూనె లేకుండా బతికాడండి. పోయేటప్పుడైనా నూనెంటి నీళ్ళు పొయ్యనివ్వండి. చీమలొస్తే రానీండి, ఇప్పుడు వాటి మాట నిజమే కదా." నిస్సీ కాదనలేకపోయింది. రేవులో ఇసుక మీద చుట్టూ నీళ్ళ కాలవ తీసి, ఊరంతా చూస్తుండగా సూరన్న తలకు నూనె పెట్టి నీళ్ళు పోశారు. సత్యవేణి చంకలో ఆనాటి పసిపాప, మనవరాలు ఊర్మిళ ఉంది. వేలు నోట్లో పెట్టుకుని కళ్ళార్పకుండా చూసింది. ఆ తరవాత లంకలో ఎవరు పోయినా అదే పద్ధతైంది. ఏడాదిలో ఆరుగురు పోయారు.

ఊర్మిళకు ఐదో పుట్టినరోజు వచ్చింది. బిడ్డకు ఐదేళ్ళొచ్చినా ఆ రోజు తరవాత మళ్ళీ ఒక్క తలంటు లేకపోవడం సత్యవేణికి గుండెలో ముల్లుగా ఉంది. వారం ముందునుంచే నిస్సీని పట్టుకుంది.

"అవతలిగట్టున పోస్తానమ్మా. మూడుసార్లు సున్నిపిండి పెడతాను. మీరే దగ్గరుండి చూసుకోండి."

నిస్సీ ఒప్పుకుంది. మీటర్ పట్టుకుని తనూ పడవెక్కింది.

అవతలిగట్టున జనం లేని చోట ఇసుకలో పీట వేశారు. ఊర్మిళ కొత్త గౌను పక్కన పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. పడవ ఎక్కడం, ఇంత పెద్దపీట, తాయిలాల పొట్లం, అన్నీ దానికి సరదాగానే ఉన్నాయి. సత్యవేణి సీసా మూత తీసింది. ఐదేళ్ళ తరవాత తన చేతిలోంచి నువ్వుల నూనె వాసన తగిలేసరికి ఆమెకు కళ్ళు చెమర్చాయి. తన తల్లి, తన అత్తగారు, తెగిపోయిన ఆ జడ, అన్నీ ఆ వాసనలోనే ఉన్నాయి. నిస్సీ కొంచెం దూరంగా నిలబడి చూస్తోంది, ఆమె మొహం కూడా చాన్నాళ్ళకి తేటపడింది.

సత్యవేణి దోసిట్లో నూనె పోసుకుని, చిరంజీవ, చిరంజీవ అంటూ పిల్ల మాడు మీద చెయ్యి పెట్టబోయింది.

ఊర్మిళ బిగుసుకుపోయింది. అమ్మమ్మ చేతిలో నూనె చూసింది, అమ్మమ్మ కళ్ళలో నీళ్ళు చూసింది.

"అమ్మమ్మా, నేను చచ్చిపోయానా?"

సత్యవేణి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నూనె వేళ్ళ సందుల్లోంచి కారి ఇసుకలో పడింది. నిస్సీ మొహం గోదావరి వైపు తిప్పుకుంది.

"కాదే తల్లీ, నీ పుట్టినరోజు కదూ," అంది సత్యవేణి.

పిల్ల నమ్మలేదు. కాళ్ళు రెండూ పీట మీదకు ముడుచుకుని, అవి ఎటునుంచి వస్తాయోనని ఇసుక వైపే చూస్తూ కూర్చుంది.